గోడ మీది అట్ట

నిజాం పాలన చివరి రోజుల్లో మేడ్చల్ దవాఖానాలో నేను డాక్టరుని. అక్కడి నర్సమ్మ ఎవరికి మత్తుమందు ఇవ్వాలన్నా, ముందు చూసుకోవాల్సినవన్నీ రాసి ఉన్న గోడ మీది అట్టను పైకి చదివేది. అంతా కంఠతా వచ్చినా ప్రతి వరుస మీదా వేలు పెట్టేది. రోగులు మాకు పని రాదనుకుంటారని సిగ్గుపడి, నేను దాన్ని తీసి నా సొరుగులో పడేశాను.

ఆ వారమే ఎద్దు పొడిచిన రావల్కోల్ రైతును తెచ్చారు. మత్తు ఇచ్చే ముందు ఆమె వేలు ఖాళీ గోడ మీద ఆగింది.

"డాక్టర్ సాబ్, ఏందో ఒకటి మర్శిన."

"జల్దీ కానియ్యమ్మా," అన్నాను.

అతని బుగ్గన ఉన్న ఆకువక్క ముద్ద మత్తులో గొంతుకు అడ్డం పడింది. తీసేలోపే ప్రాణం పోయింది. 'నోరు తెరిచి చూడాలి' అన్నది అట్టలో మొదటి వరుస.

"నాదే తప్పు చెల్లె, నేనే మర్శిన," అంటూ ఆమె అతని భార్య చేతులు పట్టుకుని ఏడ్చింది.

నేను సొరుగుకు ఆనుకుని నిలబడ్డాను.