ఏడు వేల రెండు వందల గట్టు

మా బావ పోయిన సంగతి ముందుగా పాలు పోసే ఆమెకు తెలిసింది. చలికాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున్న మా ఇంటికి వచ్చి బండి దిగకుండానే చెప్పింది.

"మీ బావ తలుపు తియ్యట్లేదు బాబూ. లోన రేడియో గుయ్యిమంటంది. మూడుసార్లు పిలిసేను."

వెళ్ళి చూస్తే తలుపు గడియ పెట్టి లేదు, దగ్గరగా వేసి ఉంది. బావ బల్ల ముందు కుర్చీలో కూర్చునే ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. చెయ్యి చల్లగా ఉంది. నేను ముందు రేడియో కట్టేశాను. ఆ తర్వాతే ఎవరెవరికి ఫోన్లు చెయ్యాలో ఆలోచించాను. ఆ వరస తప్పో ఒప్పో నాకు తెలియదు.

ఆయన మా అక్క భర్త. మునగపాక వైపు కరెంటు లైన్‌మేన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. అక్క మూడేళ్ళ కిందట పోయింది. చెరుకు చేలను ఆనుకుని రెండు గదుల ఇల్లు. నేను రెండు పొలాల అవతల ఉంటాను. ఆయన గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఊళ్ళో ఆయన్ని రేడియో పిచ్చోడు అనేవారు. నేనూ అన్నాను.

ఆ పిచ్చి ఒక తుఫాను తర్వాత పట్టింది. స్తంభాలన్నీ పడిపోయి, ఫోన్లు పనిచెయ్యక, ఎక్కడ ఏం జరిగిందో ఎవరికీ తెలియని రోజుల్లో విశాఖపట్నం నుంచి ఇద్దరు మనుషులు చిన్న పెట్టె, బ్యాటరీ, ఒక తీగ పట్టుకుని వచ్చారు. బడి వరండాలో కూర్చుని హైదరాబాదుతో మాట్లాడారు. హామ్ రేడియో అంటారట దాన్ని. సర్కారు పరీక్ష పాసై లైసెన్సు తీసుకున్న మామూలు మనుషులు జీతం లేకుండా చేసే పని. ముప్ఫై ఏళ్ళు తీగలు లాగిన మనిషికి స్తంభం లేకుండా మాట వెళ్ళడం వింతగా తోచింది. "ఇన్నాళ్ళూ నేనెందుకు ఎక్కేనో స్తంభాలు" అన్నాడు ఇంటికి వచ్చి.

పరీక్ష మొదటిసారి ఇంగ్లీషు వల్ల పోయింది. రెండోసారి పాసయ్యాడు. చిన్న తరగతి లైసెన్సు, యాభై వాట్లు. పాత రేడియో ఒకటి కొన్నాడు. ఏంటెనా తీగ రెండు తాటిచెట్ల మధ్య ఇరవై మీటర్లు కట్టాలి. అప్పటికే రిటైరైన మనిషి, పాత బెల్టు నడుముకి కట్టుకుని తనే ఎక్కాడు. నేను ఎక్కుతానంటే, "నువ్వు కింద నిలబడి తాడు పట్టుకో చాలు. నీకు ఎక్కడం రాదు, దిగడం అంతకన్నా రాదు" అన్నాడు.

దేశాల సంగతి నాకు చెప్పింది కూడా ఆయనే. ఆకాశంలో ఎక్కడ పడితే అక్కడ మాట్లాడడానికి వీల్లేదు. ప్రతి దేశం తన హామ్‌లకు కొంత చోటు కొలిచి ఇస్తుంది. షార్ట్‌వేవ్‌లో నలభై మీటర్ల బ్యాండు అని ఒకటి ఉంది. అందులో మనకు 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ దాకా ఇచ్చారు. అమెరికావాళ్ళకు 7300 దాకా ఉంది. కానీ అక్కడి మామూలు లైసెన్సువాళ్ళు నోటితో మాట్లాడాలంటే 7175కి పైనే మాట్లాడాలి.

"మన గట్టు 7200 కాడ" అన్నాడు బావ, చేలో నిలబడి చేత్తో చూపిస్తూ. "ఆళ్ళ మడి 7175 కాడ మొదలవుద్ది. మనకీ ఆళ్ళకీ కలిసిన జాగా ఇరవయ్యైదు. ఆ ఇరవయ్యైదులోనే దేశాలన్నీ దూరి అరుత్తాయి. నా యాభై వాట్లు సంతలో పిల్లడు ఏడ్సినట్టే."

"మరి గట్టు దాటితే?"

"వినొచ్చు. ఎంత దూరమైనా వినొచ్చు. మాటాడకూడదు."

విన్నాడు కూడా. చలికాలంలో తెల్లవారే వేళకు అమెరికా తూర్పు తీరం నుంచి కాస్సేపు మాట వస్తుంది. మనకు ఆదివారం ఉదయం ఆరు, వాళ్ళకు శనివారం సాయంత్రం. అక్కడ ఒక చేపల ఊళ్ళో పీతల బోనులు వేసి బతికే ముసలాయన 7235 మీద వారం వారం వచ్చేవాడు. ఆయన జట్టు అయిదుగురు. వాతావరణం, మోకాళ్ళ నొప్పులు, పడవ ఇంజను. బావకు సగం అర్థమయ్యేది కాదు. అయినా వినేవాడు. అక్క, "మీ పీతలాయన వచ్చేడా?" అని అడిగి టీ పెట్టేది.

రెండు మూడు చలికాలాలు గడిచేసరికి అయిదుగురు ఇద్దరయ్యారు. ఒక ఆదివారం నేను అక్కడ ఉండగానే ఆ ముసలాయన పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. గొంతు స్పష్టంగా ఉంది, పక్క గదిలో ఉన్నట్టు. పేరుకు బదులు లైసెన్సుతో ఇచ్చే తన గుర్తు అక్షరాలు చెప్పి, ఆగి, మళ్ళీ చెప్పి, ఆగి. పావుగంట. బావ మైకు పట్టుకున్నాడు గాని బొత్తాం నొక్కలేదు.

"నొక్కెయ్యి బావా. ఎవడు సూత్తాడు?" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. "ఎవడు సూత్తాడులే అని ఫ్యూజు తియ్యకండా తీగ ముట్టుకున్నోళ్ళని ఇద్దర్ని స్తంభం మీంచి దించేను నేను. మాటాడకు."

అప్పుడు నాకు కోపం వచ్చింది. అక్కడ ఒక మనిషి పిలుస్తున్నాడు, ఇక్కడ ఒకడు వింటున్నాడు, మధ్యలో ఉన్నది కాగితం మీద గీత. ఇప్పటికీ ఆ విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఒప్పుకోను.

కానీ బావ ఊరుకోలేదు. హామ్‌లలో దీనికి ఒక పద్ధతి ఉందట. ఎవరి గట్టు లోపల వాళ్ళు మాట్లాడతారు, అవతలివాడి గట్టు లోపల వింటారు. అంటే ముసలాయన 7235 మీద మాట్లాడాలి, బావ 7110 మీద జవాబివ్వాలి. ముసలాయన జవాబు కోసం ముల్లు 7110కి తిప్పి పెట్టుకోవాలి. చిక్కల్లా ఆ సంగతి ముందు ఆయనకు తెలియాలి. విశాఖపట్నంలో హామ్ క్లబ్బు నడిపే ఒకాయన ఆ ముసలాయన చిరునామా సంపాదించి ఇచ్చాడు. బావ కార్డు రాశాడు. ఏ ఆదివారాలు, ఎన్నింటికి, ఏ నంబరు మీద పిలుస్తాడో అంతా వేసి పోస్టు చేశాడు.

మూడు వారాల తర్వాత నుంచి పిలవడం మొదలుపెట్టాడు. ముసలాయన 7235లో వచ్చేవాడు, తన మిగిలిన నేస్తంతో మాట్లాడుకుని వెళ్ళిపోయేవాడు. బావ 7110లో గొంతు పోయేలా పిలిచినా ఆయన పట్టించుకోలేదు. ఆ చలికాలమంతా అంతే. "ఆయనకి మనతో మాటాడ్డం ఇష్టం నేదేమోరా" అన్నాడు ఒకరోజు. ఏంటెనా దించేస్తానని కూడా అన్నాడు.

ఎండాకాలంలో జవాబు కార్డు వచ్చింది. మా అమ్మాయి చదివి చెప్పింది. "మీరు రాసిన ప్రకారం ప్రతి ఆదివారం రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చుంటున్నాను. ఏమీ వినపడటం లేదు. మీరు క్షేమమేనా?"

ప్రపంచంలో హామ్‌లంతా కార్డు మీద లండన్ దగ్గరి టైమే వెయ్యాలి. అది మనకంటే అయిదున్నర గంటలు వెనక. పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబు రాసిన మనిషే, కార్డు మీద మాత్రం గోడ గడియారం చూసి ఆరు అని వేశాడు. లండన్‌లో ఆరంటే మనకు పట్టపగలు, ఆ ముసలాయనకు అర్ధరాత్రి దాటాక. బావ తల పట్టుకున్నాడు. "పెద్దోణ్ణి సలికాలమంతా నిద్ర నేకండా సేసేనురా."

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "మీకు నేను దొరికినట్టే ఆయనా దొరికేడు. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి కూకుంటాం."

తర్వాతి చలికాలం మొదటి ఆదివారమే మాట కలిసింది. ముసలాయన మా బావ గుర్తు అక్షరాలు ఒక్కొక్కటీ నిదానంగా పలికాడు. బావ గబగబా జవాబు చెప్పేస్తున్నాడు. అక్క టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "బొత్తాం నొక్కండి ముందు" అంది.

బావకు ఇంగ్లీషు రాదు. రేడియో ఇంగ్లీషు వచ్చు. వాన, ఎండ, చెరుకు కోశాం, పీతలు పడ్డాయి, మళ్ళీ వారం కలుద్దాం. బెల్లం అంటే ఏమిటో చెప్పడానికి మూడు ఆదివారాలు పట్టింది. మనకు బాగా ఎండ వచ్చేసరికి మాట పలచబడి పోయేది. పది నిమిషాలు, ఒక్కోసారి నాలుగే.

అక్క పోయాక మొదటిసారి పిలిచినప్పుడు ఆ కబురు ఎలా చెప్పాలో బావకు తెలియలేదు. చనిపోయిన హామ్‌ను వాళ్ళు 'సైలెంట్ కీ' అంటారు, మూగబోయిన మీట అని. ఆ మాట ఆపరేటర్లకే వాడాలి. బావ, "మై వైఫ్ సైలెంట్ కీ" అన్నాడు. అవతల చాలాసేపు గుయ్యిమనే మోత తప్ప ఏమీ రాలేదు. మాట పోయిందనుకున్నాం. తర్వాత ముసలాయన, "నా భార్యా అంతే. ఆరేళ్ళయింది" అన్నాడు. అప్పటిదాకా ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత ముసలాయన జట్టులో మిగిలిన ఒక్కడూ పోయాడు. అప్పటి నుంచి 7235 మీద ఆయన పిలిస్తే పలికేది మా బావ ఒక్కడే. బావ చలికాలంలో ఆదివారం ఊరు కదలడం మానేశాడు. మా అమ్మాయి పెళ్ళి అనకాపల్లిలో, ఆదివారం తెల్లవారుజామున ముహూర్తం. మేనత్త భర్తగా పక్కన నిలబడాల్సిన మనిషి లేకుండానే తాళి కట్టించాం. ఏడున్నరకు వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో.

"పెళ్ళి కన్నా పీతలెక్కువయ్యేయా?" అన్నాను అందరి ముందూ.

"పెళ్ళిలో నాలుగొందల మంది ఉన్నారు కదరా. ఆయన పిలిత్తే ఒక్కడైనా పలక్కపోతే ఎలాగ?" అన్నాడు. నేను రెండు నెలలు మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం మర్నాడే ఫోన్ చేసి, "మావయ్యా, వినపడ్డాడా?" అని అడిగిందట.

పన్నెండో రోజు అయ్యాక విశాఖపట్నం క్లబ్బాయన వచ్చాడు. నెమ్మదస్తుడు. లైసెన్సు లేని ఇంట్లో మాట్లాడే యంత్రం ఉండకూడదని చెప్పాడు. చలికాలం అయ్యేదాకా ఉంచమని అడిగాను. ఆలోచించి, మైకు తీసి సంచిలో వేసుకున్నాడు. "వినండి. ఎండలు ముదిరాక వచ్చి పట్టుకెళ్తాను." బావ పోయిన సంగతి ముసలాయనకు రేడియోలో మీరే చెప్పకూడదా అని అడిగితే, "మా అపార్ట్‌మెంటులో లిఫ్టు మోత తప్ప ఏమీ వినపడదండి. ఇక్కడి నుంచి మాట్లాడాలంటే నాకు వేరే అనుమతి కావాలి. ఆయనకు ఈమెయిలూ లేదు. ఉత్తరమే దారి" అన్నాడు.

ఆ ఉత్తరం అమ్మాయి చేత రాయించాను. అచ్యుతాపురం కంపెనీలో పని, బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను చెప్పింది రెండు వాక్యాలు. మా బావ పోయారు. ఇంక ఆదివారాలు పిలవకండి.

"రెండోది రాయను నాన్నా" అంది.

"మరేటి రాత్తావు?"

"నువ్వే సెప్పు. నిజంగా ఏటుందో అది సెప్పు."

అప్పుడు చెప్పాను. నేను వింటాను. నాకు లైసెన్సు లేదు, మాట్లాడలేను.

ఉత్తరం చేరేదాకా నాలుగు ఆదివారాలు గడిచాయి. నాలుగు ఆదివారాలూ ఆరింటికి వెళ్ళి తాళం తీసి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆయన మా బావను పిలిచాడు. ఆగాడు. పిలిచాడు. రెండో వారం, ఒంట్లో బాగులేదా అని అడిగాడు. మూడో వారం, ఈసారి టైము తప్పింది నేనేమో అన్నాడు, నవ్వబోయి ఆపేశాడు. నాలుగో వారం అక్షరాలు తప్ప ఏమీ అనలేదు. బావ ఆరోజు బొత్తాం నొక్కకుండా ఎలా కూర్చున్నాడో నాకు అప్పుడు కొంచెం తెలిసింది. నాకైతే నొక్కడానికి బొత్తామే లేదు.

అయిదో ఆదివారం ఆయన బావను పిలవలేదు. కాస్సేపు ఖాళీ. తర్వాత, "బ్రదర్" అన్నాడు. మెల్లగా, నాకు అర్థమయ్యేటట్టు విడివిడిగా చెప్పాడు. ఉత్తరం వచ్చింది. మీరు పలకలేరని తెలుసు. ఫర్వాలేదు. ఇవాళ ఇక్కడ మంచు. పడవ ఒడ్డుకి లాగేశాను. బోనులు పదకొండు బాగుచెయ్యాలి. మీ దగ్గర చెరుకు ఎలా ఉంది?

అడిగి ఆగాడు. మనిషి గొంతు సవరించుకుని, చెరుకు నరుకుతున్నామని, ఈ ఏడు వాన తక్కువని చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. కిటికీ అవతల మంచు పల్చబడుతోంది, చేలో కత్తుల చప్పుడు మొదలైంది. అప్పుడు ఆయన, సరే అన్నాడు, జవాబు విన్నవాడిలాగే, ఇంకో సంగతి ఎత్తుకున్నాడు.