రావుగారి నూటయాభై టోపీలు

ఈ ప్రయాణానికి కారణం నా నోటిదురద. న్యూయార్క్‌కి బస్సులో నాలుగున్నర గంటల దూరంలో ఉన్న షాంటిలీలో, ఒక ఇండియన్ గ్రోసరీలో బిల్లింగ్ కౌంటర్ నాది. ఇంటర్ తప్పినవాణ్ణి, ఫోన్‌లో గొంతు మార్చి జనాన్ని ఏడిపించడంలో మాత్రం ఫస్ట్ క్లాస్. ఒకరోజు ఒక కస్టమరమ్మాయి తన ఉన్ని టోపీ చూపించి, "న్యూయార్క్‌లో డోల్కర్ అని టిబెటన్ ఆంటీ చేస్తారంకుల్. పాత స్వెటర్లు ఇప్పేసి ఆ ఉన్నితోనే అల్లుతారు. మిగిలితే వేస్టని, ఆర్డర్ లేకుండా ఒక్కటి కూడా చేయరు. తెలుగు కూడా వచ్చు" అంది. ఇంకేం కావాలి నాకు? నంబర్ తీసుకుని ఫోన్ చేసి, గుంటూరు యాసలో రావుగారినైపోయాను. మనవడి అన్నప్రాశనకి రిటర్న్ గిఫ్టులు, నూటయాభై టోపీలు, అన్నీ చిలకపచ్చ. "సరే అన్నా" అందావిడ. అడ్వాన్స్ ఊసే లేదు. నోటికొచ్చిన నంబరిచ్చి పెట్టేశాను. కౌంటర్ దగ్గరున్న వాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఇలాంటి ఆర్డర్ ఎవరు నమ్ముతారులే అనుకున్నా. ఆరు వారాల తర్వాత, రావుగారు తీసుకెళ్తానన్న శుక్రవారం నాడు వెళ్ళి, "నేనేనమ్మా" అని నవ్వించి, నాలుగు టోపీలు కొనుక్కొద్దామని బయల్దేరాను.

పొద్దున్న అయిదింటికి మా ఊరి దగ్గరున్న వియన్నా స్టేషన్‌లో కారు పెట్టి మెట్రో ఎక్కాను. యూనియన్ స్టేషన్‌లో దిగితే, అక్కణ్ణించి న్యూయార్క్‌కి ఏడింటి బస్సు, ముందే బుక్ చేస్తే నలభై డాలర్లలోపే. పదకొండున్నరకి మన్‌హాటన్‌లో దింపాడు. అక్కణ్ణించి మూడు డాలర్లతో సెవెన్ నంబర్ లోకల్ ట్రైన్, అరగంటలో జాక్సన్ హైట్స్. దిగగానే మోమోల ఆవిరి వాసన. ఒక బండి దగ్గర ఎనిమిది డాలర్లకి ప్లేటు తిని అడ్రస్ అడిగితే, బండాయన "డోల్కర్ షాపా? తొందరగా వెళ్ళండి, ఈ నెలాఖరుకి ఉంటుందో లేదో" అన్నాడు. జోకనుకున్నాను. నాలాంటివాడేననుకున్నాను.

మెట్లు దిగితే చిన్న గది. గోడ పొడుగునా చిలకపచ్చ టోపీలు. నిజంగా నూటయాభై.

"రండన్నా, రావుగారు పంపారా?" అంది డోల్కర్. నలభై ఏళ్ళుంటాయి. పక్కన వాళ్ళమ్మ, వేళ్ళకి ప్లాస్టర్లు చుట్టుకుని అల్లుతోంది. చలికాలంలో మన ఊళ్ళకి స్వెటర్లు అమ్మడానికొచ్చే వాళ్ళని మనం నేపాలీ వాళ్ళంటాం కదా, వాళ్ళలో చాలామంది టిబెట్ వాళ్ళే. వీళ్ళు పదేళ్ళపాటు గుంటూరులో అమ్మారట.

"ఆయన నంబర్ కలవట్లేదన్నా. నేనే తప్పు రాసుకున్నానేమో. ఈ పచ్చ కోసం ఎన్ని పాతబట్టల షాపులు తిరిగామో! బ్రూక్లిన్ షాపువాళ్ళు ఈ చలికాలం సరుకంతా మమ్మల్నే చేయమన్నారు. అది చేస్తే మా షాపు లీజు నిలబడేది. రెండూ చేయడానికి చేతులు లేవు. ముందు మాటిచ్చింది రావుగారికి కదా, వాళ్ళకి కుదరదన్నాను."

"అడ్వాన్స్ తీసుకోవాలి కదమ్మా" అన్నాను, సిగ్గులేకుండా.

"గుంటూరు మాట విన్నాక అడ్వాన్సేంటన్నా? అడిగితే అమ్మ ఊరుకుంటుందా?"

ఇక నావల్ల కాలేదు. "రావుగారు లేడమ్మా. ఆ ఫోన్ చేసింది నేనే."

"ఎందుకు?"

"ఊరికే. నవ్వుకోడానికి."

ఆవిడ వాళ్ళ భాషలో తల్లికి చెప్పింది. ముసలమ్మ సూదులు ఆపి ఏదో అడిగింది.

"నవ్వొచ్చిందా అని అడుగుతోంది" అంది డోల్కర్.

అన్నీ నేనే కొంటానన్నాను. "కొని ఏం చేస్తావ్? ఏ మూలో పడేస్తావ్. అమ్మ చేత్తో చేసింది చెత్తలోకి పోకూడదు. ఇప్పితే మళ్ళీ ఉన్ని అవుతుంది" అని నా ఎదురుగానే బ్రూక్లిన్‌కి ఫోన్ చేసింది. ఆర్డర్ వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఫోన్ పక్కన పెట్టి, కుర్చీ చూపించి, నా రెండు చేతులూ ముందుకి చాపమంది. తల్లి ఒక్కో టోపీ ఇప్పుతుంటే డోల్కర్ ఆ దారం నా మణికట్లకి చుట్టింది. సాయంత్రం బస్సు టైముకి ఇరవై రెండు టోపీలయ్యాయి. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టుంటే జవాబు చెప్పేవాణ్ణి, అది నాకొచ్చు.

వాళ్ళకి పెట్టుబడి పాత స్వెటర్లూ, ఎదుటివాడి మాటా. పాత స్వెటర్లు ఎక్కడైనా దొరుకుతాయి. నేను పాడుచేసింది రెండోది. కౌంటర్ దగ్గర కుర్రాళ్ళు ఇప్పటికీ "అంకుల్, రావుగారి వాయిస్ ఒక్కసారి" అంటారు. బిల్లు చేతిలో పెట్టి పంపేస్తున్నాను. మీరు వెళ్ళేట్టయితే ఒక్క మాట: షాపు ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని, సగం అడ్వాన్స్ చేత్తో పట్టుకుని వెళ్ళండి. తెలుగులో మాట్లాడేవాళ్ళని ఇప్పుడు అడ్వాన్స్ ముందే అడుగుతోందట.