రెస్టులో ఉన్న నాన్నని లేపిన మధ్యాహ్నం

మా ఇంటి తలుపుకి ఒక అట్ట వేలాడుతూ ఉండేది. బూట్ల డబ్బా మూత కత్తిరించి, రెండు చిల్లులు పెట్టి, పురికొస కట్టి నాన్నే తయారుచేసుకున్నారు. దాని మీద నీలం స్కెచ్ పెన్నుతో హిందీలో, డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాను, దయచేసి బెల్ కొట్టవద్దు అని రాసి ఉండేది. నాన్న గూడ్సు బళ్ళు నడిపే లోకో పైలట్. నాన్న ఉద్యోగం కోసం తెలుగు నేల వదిలి వచ్చిన ఆ హిందీ ఊళ్ళో, తార్‌బహార్ అనే పేట పక్కన మా రైల్వే క్వార్టర్ల వరసలో నాలుగైదు ఇళ్ళకి ఇలాంటి అట్టలు ఉండేవి. పాలవాడూ, గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడూ వాటిని చూసి గొంతు తగ్గించేవారు.

అట్ట బయటివాళ్ళకి. ఇంట్లో ఉన్న నాకు అమ్మ కళ్ళే చాలు. నాన్న పడుకున్నారంటే కుక్కర్ పెట్టకూడదు, మిక్సీ వేయకూడదు, టీవీ బొమ్మలు కదలాలి గాని మాట్లాడకూడదు. బడి నుంచి రాగానే గడప బయట చెప్పులు విప్పి, వాటిని చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి వంటింటి వెనక పెట్టేదాన్ని. దెబ్బ తగిలినా నోరు మూసుకుని ఏడవడం నాకు అక్షరాల కంటే ముందు వచ్చింది. ఇదేదో గొప్పగా చెప్పుకుంటున్నాననుకోకండి. ఆ విద్య నన్ను ఎంతదాకా ముంచిందో చెప్పడానికే ఇదంతా.

అమ్మని తప్పు పట్టలేను. బళ్ళు నడిపే రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళకి అప్పుడప్పుడూ ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చి, టీ తాగి, ఆయన్ని బాగా నిద్రపోనివ్వండి, డ్యూటీకి వెళ్ళేముందు ఇంటి చికాకులు చెప్పకండి అని ఇల్లాళ్ళకి చెప్పి వెళ్ళేవారు. అందులో తప్పేమీ లేదు. అమ్మ మాత్రం ఆ మాటని డ్యూటీకి ముందూ, వెనకా, మధ్యా కూడా పాటించేది.

"ఆయనెనక యాబయ్యెనిమిది డబ్బాల బొగ్గుంటాదే. మన గోలంతా బుర్రలో ఎట్టుకుని ఎల్తే ఏటవుద్ది?" అనేది. ఆ బొగ్గు డబ్బాలన్నీ నా నోటి మీదుగానే వెళ్తున్నట్టు ఉండేది నాకు.

నేను బీఎస్సీ రెండో ఏడు చదువుతుండగా మా కాలేజీలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం, వేధింపుల మీద అవగాహన అంటూ ఒక వారం కార్యక్రమాలు పెట్టారు. నేను సమోసాల కోసం వెళ్ళాను. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? గేటు దగ్గర బ్యానరు, స్టేజీ మీద దీపం, శాలువాలు. పిల్లలు నోరు విప్పి మాట్లాడాలని ముఖ్య అతిథి ముప్పావుగంట మాట్లాడారు, ఎవరికీ నోరు విప్పే సందు ఇవ్వకుండా. నేను వెనక వరసలో కూర్చుని నవ్వుకున్నాను.

చివర్లో సైకాలజీ మేడమ్ ఒకావిడ మైకు అందుకున్నారు. ఆవిడకి జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. ఉపన్యాసం ఇవ్వలేనని చెప్పి తలా ఒక చిన్న కాగితం పంచారు. దాని మీద రెండే ప్రశ్నలు. మీకు కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారు? ఆ మనిషి మీకు ఎప్పుడు దొరుకుతారు? రాసి ఎవరికీ చూపించనక్కర్లేదు, ఐడీ కార్డు వెనక దాచుకోండి అన్నారు. మెట్ల పక్క గదిలో తాను రోజూ ఐదింటిదాకా ఉంటానని కూడా చెప్పారు.

మొదటి ప్రశ్నకి నాన్న అని రాశాను. హిందీలోనే. అప్పటికి తెలుగు మాట్లాడటమే గాని, చదవాలంటే కూడబలుక్కోవాలి, రాయడం అసలు రాదు. రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. నాన్న ఇంట్లో ఉంటే పడుకుని ఉంటారు. పడుకుని లేకపోతే ఏ రాయ్‌గఢ్ దారిలోనో సిగ్నల్ దగ్గర ఉంటారు. పక్కనున్న అమ్మాయి తన రూమ్మేట్ పేరు రాసి, ఎప్పుడైనా అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. ఆ అమ్మాయి మీద నాకు ఊరికే ఒళ్ళు మండింది. నా కాగితంలో ఆ గీత ఖాళీగా వదిలేసి సమోసా తినడానికి వెళ్ళాను.

ఆ తర్వాత కొన్ని వారాలకే మొదలైంది. ఫిజిక్స్ లాబ్‌లో సామాను ఇచ్చే మనిషి ఒకడుండేవాడు. మాకు తండ్రి వయసు. లెన్సు ఇస్తున్నప్పుడు నా వేళ్ళు పట్టుకుని వదిలేవాడు కాదు. రికార్డు పుస్తకం మీద నా ఫోన్ నంబరు చూసి మెసేజ్‌లు మొదలుపెట్టాడు. ఆ నీలం చున్నీ ఎందుకు వేసుకోలేదు, నిన్న ఎందుకు నవ్వలేదు, ఇలాంటివి. చీకటి గదిలో, కాంతిని గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోమీటర్ పెట్టుకునే రోజున వెనక నుంచి వచ్చి నిలబడేవాడు. నాకు ఆ ప్రయోగమంటే ప్రాణం. సోడియం దీపం పసుపు గీత కంటికి దొరికిందంటే ఆ రోజంతా పండగే. అలాంటిది, చీకటి గదిలో నా వంతు పక్కవాళ్ళకి ఇచ్చేయడం మొదలుపెట్టాను. అన్నం సయించేది కాదు.

అమ్మకి సగం చెప్పాను. ఎవడో మెసేజ్‌లు పెడుతున్నాడని. "బ్లాక్ సేసీ. మీ నాన్న సెవిన మాత్రం ఎయ్యకు" అంది. బ్లాక్ చేశాను. మరుసటి వారం నుంచి నా రికార్డు ఫిజిక్స్ మేడమ్ బల్ల దాకా వెళ్ళడం మానేసింది, ఎక్కడో కింద ఉండిపోయేది. నేను ప్రాక్టికల్స్‌కి వెళ్ళడం మానేశాను. నెల దాటేసరికి హాజరు సరిపోలేదని నోటీసు వచ్చింది. పరీక్షకి కూర్చోనివ్వరని అర్థమైంది. సైన్సు నాకు పడటం లేదు, మానేసి ప్రైవేటుగా బీఏ కడతానని ఇంట్లో అన్నాను. అమ్మ పోనీలే అంది. నాన్న డ్యూటీలో ఉన్నారు.

టీసీ కోసం ఫారం తెచ్చుకుంటే, దాని మీద పెట్టించుకోవలసిన సంతకాల్లో ఒకటి కొత్తగా చేరింది. మధ్యలో చదువు మానేసేవాళ్ళు మెట్ల పక్క గదిలో ఉండే సైకాలజీ మేడమ్‌తో మాట్లాడి సంతకం తెచ్చుకోవాలట. గుమాస్తాని మనసులో నానా తిట్లూ తిట్టుకుంటూ వెళ్ళాను. ఆ నియమం పెట్టినవాళ్ళెవరో ఇవాళ కనిపిస్తే కాళ్ళకి దండం పెడతాను.

ఆ గది అంతకుముందు ఆటల సామాను గది. వాలీబాల్ తోలు వాసన ఇంకా పోలేదు. రెండు కుర్చీలు, ఒక కుండ, గోడ నిండా పోస్టర్లు. మేడమ్ ఫారం చూసి ఎందుకు మానేస్తున్నావని అడగలేదు. పొద్దున్నించి ఏం తిన్నావని అడిగారు. ఏమీ తినలేదన్నాను. ఆ మాటతో పాటే మిగతాదంతా బయటికొచ్చేసింది. లాబ్, వేళ్ళు, మెసేజ్‌లు, రికార్డు, అన్నీ. ఆవిడ కుండలో నీళ్ళు ముంచి నా ముందు పెట్టారు, అంతే.

తర్వాత మెల్లగా చెప్పారు. ఫిర్యాదు రాస్తే దాన్ని చూడటానికి కాలేజీలో కమిటీ ఉంది, రాయడం మానడం నా ఇష్టం, నన్ను అడగకుండా ఎవరికీ చెప్పరు. ఆ మెసేజ్‌లు మాత్రం చెరిపేయవద్దన్నారు. ఆపైన, ఐడీ కార్డు వెనక కాగితం ఉందా అన్నారు. తీసి ఇచ్చాను.

"పాపా కబ్ మిల్తే హైఁ?" అని, నాన్న ఎప్పుడు దొరుకుతారో రాయని ఖాళీ గీత మీద వేలు పెట్టారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారన్నాను. మరి? పడుకున్నారన్నాను.

"సో రహే హైఁ తో జగా దో, బేటా."

లేపమంటుంది! నాకు కోపం ముంచుకొచ్చింది. రైల్వే సంగతి ఈవిడకేం తెలుసు? రెస్ట్ అంటే ఏమిటో, రెస్టులో ఉన్న డ్రైవరుని లేపితే ఏమవుతుందో, వెనక యాభై ఎనిమిది డబ్బాలేమిటో ఆవిడకి ఒక పాఠం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. సాయంత్రం ఆరింటికి డ్యూటీ అయితే ఇప్పుడు ఒంటిగంటే అయింది కదా అన్నారు. బండి ఎక్కే ముందు చెప్పడం వేరు, వద్దనుకుంటే బండి ఎక్కనని చెప్పే టైము ఉండగా చెప్పడం వేరు. ఎక్కాలో మానాలో ఆయన నిర్ణయించుకుంటారు, ఆయన తరపున నువ్వెందుకు నిర్ణయిస్తున్నావు అన్నారు. ఫారం మీద సంతకం పెట్టకుండా సొరుగులో వేసుకుని, రేపటిదాకా ఇది నా దగ్గర ఉంటుందన్నారు.

ఇంటికొచ్చేసరికి తలుపుకి అట్ట ఉంది. అమ్మ మందుల కోసం రైల్వే ఆసుపత్రికి వెళ్ళింది. చెప్పులు చేత్తో పట్టుకుని నాన్న గది గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. దుప్పటి తల మీదుగా కప్పుకుని గోడ వైపు తిరిగి ఉన్నారు. పుట్టినప్పటి నుంచి ఆ మనిషిని నేను లేపలేదు. పిలుద్దామని నోరు తెరవడం, బొగ్గు డబ్బాలు గుర్తొచ్చి మూసేయడం. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు.

"పది నిమిషాల్నుంచి ఆడ నిలబడున్నావు. ఏటే గుంటా?" అన్నారు దుప్పటి లోంచే. మా ఇంట్లో ఆడపిల్లని గుంట అంటారు.

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన ఏడుపు క్వార్టర్ల వరసంతా విని ఉంటుంది. నాన్న లేచి మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అంతా విన్నారు. కేకలేస్తారనుకున్నాను. వాణ్ణి నరుకుతానంటారనుకున్నాను. "ఎన్నాళ్ళయ్యింది?" అన్నారు. రెండు నెలలన్నాను.

"రెండు నెల్లు. ఇంట్లోనే ఉన్నాను గదే నాను" అన్నారు. ఆయన గొంతు అలా పలకడం నేను ఎన్నడూ వినలేదు.

ఫోన్ తీసి లాబీకి చేశారు. డ్యూటీలు వేసే చోటు అది. "రెస్ట్ నహీఁ హువా సాబ్. ఆజ్ గాడీ నహీఁ లూంగా" అన్నారు. రెస్ట్ కాలేదు, ఇవాళ బండి తీసుకోనని. అవతలివాళ్ళు ఏదో గట్టిగా అంటున్నారు. నాన్న అదే మాట మళ్ళీ చెప్పి ఫోన్ పెట్టేశారు. ఆయన సర్వీసులో బండి ఎక్కనని చెప్పడం నేనెరిగి అదే మొదటిసారి.

అంతలో అమ్మ వచ్చింది. మంచం మీద మమ్మల్నిద్దర్నీ చూసి మందుల సంచీ కింద పడేసింది. "లేపీసావేటే!" అంది నా మీద.

"పడుకుంటే గదా లేపడానికి" అన్నారు నాన్న.

ఆ మధ్యాహ్నమే మాకు తెలిసింది. అంతకు ముందు ఏడాది ఆయన ఇంజిను ముందుకి ఒక మనిషి వచ్చేశాడట. బ్రేకు వేసినా బండి ఆగలేదు. తర్వాత ఆఫీసులో కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడిగితే, బాగానే ఉన్నానని చెప్పి వచ్చేశారు. మాకు ఒక్క ముక్క చెప్పలేదు. అప్పటి నుంచి పగలు నిద్ర పట్టడం లేదు. అట్ట తగిలించుకుని, దుప్పటి కప్పుకుని, మేలుకుని పడుకునేవారు.

"నాను పడుకున్నానని మీరు ఊరుకునేవోరు. ఎవులైనా ఒక గిన్నె పడేసినా బాగుణ్ణనిపించేది" అన్నారు.

అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. "సగమే సెప్పినావు నువ్వు. ఆ సగమైనా ఇన్లేదు నాను" అని నా కాలు పట్టుకుని ఏడ్చింది. ఆ పూట ముగ్గురం తిన్నది చల్లారిన అన్నం, పచ్చడి. అంత ఆకలిగా అన్నం తిని నాకు రెండు నెలలైంది.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో కాలేజీకి వచ్చారు. నేను ఆ గదిలో కూర్చుని రెండు పేజీల ఫిర్యాదు రాస్తుంటే, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడ మీద పోస్టర్లు చదువుతూ తిరిగారు. ఒకదాని ముందు చాలాసేపు ఆగారు. నిద్ర పట్టకపోవడం, ఒంటరిగా ఉండాలనిపించడం, పాత దృశ్యం మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందుకి రావడం అని వరసగా రాసి ఉంది. మేడమ్ అటు తిరిగినప్పుడు గబుక్కున దానికి ఫోటో తీసుకున్నారు. మేడమ్ చూశారు, చూడనట్టు ఊరుకున్నారు. ఆ వారంలోనే బీపీ చూపించుకుంటానని చెప్పి రైల్వే ఆసుపత్రికి వెళ్ళారు నాన్న. బీపీ చూడటానికి గంటన్నర పట్టదని అమ్మకీ నాకూ తెలుసు. మేమూ ఊరుకున్నాం.

కమిటీ ముందు మాట్లాడటం తేలిక కాదు. చెప్పిందే మళ్ళీ చెప్పాలి. నా వెనక అదే ఫిర్యాదుతో ఇంకో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, వాళ్ళలో ఒకమ్మాయి ఇంట్లో ఒప్పుకోక వెనక్కి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. విచారణ అయ్యేదాకా ఆ మనిషిని లాబ్ దరిదాపులకి రానివ్వలేదు. తర్వాత తీసేశారు. నాకు పోయిన ప్రాక్టికల్స్ మళ్ళీ పెట్టారు. క్యాంటీన్‌లో నన్ను చూసి గుసగుసలాడినవాళ్ళూ ఉన్నారు. ఆడుకోనిచ్చాను. టీసీ ఫారం మేడమ్ నాకే తిరిగి ఇచ్చేశారు. దాని వెనక స్పెక్ట్రోమీటర్ లెక్కలు వేసుకున్నాను.

వెనక వరసలో కూర్చుని నేను నవ్విన ఆ వారం కార్యక్రమాలకీ, జలుబు గొంతుకీ, వాలీబాల్ వాసన గదికీ నేను రుణపడి ఉన్నాను. నాకు చదువు దక్కింది. అంతకంటే ముందు నాన్న దక్కారు.

మళ్ళీ లాబ్‌కి వెళ్ళిన మొదటి రోజున చీకటి గదిలో పసుపు గీత దొరికింది. ఆ సంతోషంతో ఇంటికొచ్చాను. తలుపుకి అట్ట వేలాడుతోంది. చెప్పులు విప్పబోతూ చూశాను. హిందీ అక్షరాల కింద అదే నీలం స్కెచ్ పెన్నుతో ఇంకో వరస ఉంది, తెలుగులో. మా వరసలో మా ఇల్లు తప్ప తెలుగు ఇల్లు లేదు. పాలవాడికీ గ్యాస్ సిలిండర్ తెచ్చేవాడికీ అది అర్థం కాదు. గుమ్మంలో నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను.

మా గుంట లేపొచ్చు.

ఆ రోజు చెప్పులు టపటపలాడించుకుంటూ లోపలికి వెళ్ళాను.