లిఫ్టు లేని ఊరు

మా బావకి మెట్లంటే గిట్టదు. మోకాళ్ళ నొప్పులేం లేవు, అది వృత్తివైరం. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి మెట్లని గౌరవంగా ఎలా చూస్తాడు? ఆయన లెక్కలో మెట్లంటే, లిఫ్టు పెట్టించుకోలేనివాళ్ళు చేసుకున్న సర్దుబాటు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు, పై గదిలో కూర్చుందాం రమ్మంటే మెట్ల కింద నిలబడి "పైన ఏముంది?" అని అడిగాడు. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను అని చెప్పాం. "అయితే కిందే బాగుంది" అని అక్కడే బల్ల మీద కూర్చున్నాడు. ఆ రోజే ఆయనకి లిఫ్టు బావ అని పేరు పెట్టేశాం. మా అక్క మాత్రం చేసుకుంటే ఈయన్నే చేసుకుంటానంది. ఏం చూసి అని అడిగితే "నెమ్మదస్తుడు" అంది. కదలనివాణ్ని నెమ్మదస్తుడనడం మా అక్కకే చెల్లింది.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. కొండల కింద ఉన్న ఒక నగరంలో ఇళ్ళు చూపించడం నా పని. నాకు ఓపిక తక్కువని మా ఆవిడ అంటుంది. రోజూ ఇళ్ళు చూసేవాళ్ళ మొహాలు చూసేవాడికి ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? గాలి కావాలంటారు, వచ్చి చేరాక కిటికీ తెరవరు. నిశ్శబ్దం కావాలంటారు, మొదటి రోజే గోడకి మేకులు కొడతారు. ఇంతమందిని భరించినవాణ్ని సొంత అక్కాబావల్ని భరించలేనా అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

వాళ్ళుండే ఊరు మైదానాల్లో ఉంది. అక్కడ దుమ్ము పొద్దున్నే లేచి మనుషులతో పాటు పనికి వెళ్తుంది. అక్కకి ఆయాసం పట్టుకుంది. వంటింట్లోంచి హాల్లోకొచ్చేసరికి గోడ పట్టుకునేది. డాక్టరు మందులు మార్చి మార్చి చివరికి, "మందుకన్నా మీకు గాలి ముఖ్యం. కొండల వైపు వెళ్ళిపోండి, దుమ్ము ఎంత తగ్గితే అంత మేలు" అన్నాడు. అదే ఏడు బావ పనిచేసే లిఫ్టు కంపెనీ ఆ ఊళ్ళో కొట్టు కట్టేసింది. కొన్నాళ్ళు బావ ఇంట్లో కూర్చున్నాడు. ఆ తర్వాత మా నగరంలో ఉన్న ఆఫీసువాళ్ళు, ఎప్పుడు పిలిచినా అందేలా ఊళ్ళోనే ఉండే షరతు మీద రమ్మన్నారు. ఇంకేం, రోగికి కావలసిందీ వైద్యుడు చెప్పిందీ ఒకటే అయిందని నేను సంబరపడ్డాను.

కానీ అసలు చిక్కు అక్కడే ఉంది. మా నగరం కొండల కిందే ఉన్నా దుమ్ముకి తక్కువేం లేదు. వీధిలోంచి కొండలు కనపడాలంటే వానపడి వెలిసిన మర్నాడు చూసుకోవాలి. మంచి గాలి కావాలంటే బస్సెక్కి గంట దూరం పైకి వెళ్ళాలి. అక్కడ ఒక చిన్న ఊరుంది. గాలి ఉంది, నీళ్ళున్నాయి, కళ్ళ ముందు కొండ ఉంది. లేనిదల్లా లిఫ్టు.

ఇద్దర్నీ తీసుకెళ్ళి ఆ ఊరు చూపించాను. ఆ ఊళ్ళో వీధులు సగం మెట్లే. బస్సు దిగిన చోటి నుంచి నేను చూసిపెట్టిన ఇంటిదాకా రాతిమెట్లు వంకర్లు తిరుగుతూ పోతాయి. వాటిని చూసి బావ నా వంక ఒక చూపు చూశాడు. అప్పులవాడు కూడా నన్నలా చూడలేదు.

"ఇల్లు పైనుందా?" అన్నాడు.

"కొండ ఊళ్ళో ఇల్లు పైన కాక పాతాళంలో ఉంటుందా బావా?" అన్నాను.

"మీరు వెళ్ళి చూసి రండి. నేనీలోగా ఊరు చూస్తాను" అని ఆయన టీ కొట్లోకి తప్పుకున్నాడు.

అక్క నాకన్నా ముందు ఎక్కింది. ఎక్కుతూ మాట్లాడింది. మాట్లాడుతూ ఎక్కడం మా అక్క ఎన్నేళ్ళ కిందట మానేసిందో నాకు తెలుసు కాబట్టి, నేను వెనక నోరు మూసుకుని నడిచాను. రెండు గదుల ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే కొండ. కొండ తప్ప ఇంకేమీ లేదు. అక్క కిటికీ చువ్వలు పట్టుకుని అలాగే నిలబడింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

కిందికి వచ్చేసరికి బావ టీ కొట్లో లేడు. ఊళ్ళో లిఫ్టులెక్కడున్నాయని అడిగాడట. ఆసుపత్రిలో ఒకటుంది, రెండంతస్తులే కాబట్టి దాన్నెవరూ ఎక్కరని కొట్టతను చెప్పాడట. చుట్టాన్ని చూడ్డానికి వెళ్ళినట్టు ఆసుపత్రికి వెళ్ళాడు. తిరిగొచ్చి, "పాపం, నూనెచుక్క పడి ఎన్నాళ్ళయిందో. తలుపు తెరిస్తే మూలిగింది" అని బెంచీ మీద కూలబడ్డాడు. బస్సులో కొండ దిగుతున్నంతసేపూ ఆ మూలుగు గురించే చెప్పాడు.

మా ఇంటికొచ్చాక నేను సూటిగా అడిగాను. "తేల్చండి. పైనా, కిందా?"

బావ అక్కని చూశాడు. "నీకేది నచ్చిందో చెప్పు. నాకెక్కడైనా ఒకటే" అన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టున్నాడు గానీ ఆ చేతులు పనిముట్ల సంచి పట్టీని నలుపుతున్నాయి.

అక్క ఆ చేతుల్ని చూసింది. "ఇక్కడే ఉందామండీ. దూరపు కొండలు నునుపన్నారు, దూరం నుంచే చూద్దాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి వెనకే వెళ్ళాను. "నీకేమన్నా మతిపోయిందా అక్కా? పైన కోయిలలా మాట్లాడావు. ఇక్కడికొచ్చి పావుగంటైంది, అప్పుడే పిల్లికూతలు మొదలయ్యాయి."

"ఒరే, నెమ్మదిగా. ఆయన వింటారు." అక్క చీరకొంగుతో నోరు ఒత్తుకుంది. "పని లేనన్నాళ్ళూ ఆయన ఎలా ఉన్నారో నువ్వు చూళ్ళేదు. పొద్దున్నే స్నానం చేసి, బూట్లు వేసుకుని, ఆ సంచి పక్కన పెట్టుకుని కూర్చునేవారు. ఎవరన్నా పిలుస్తారేమోనని. సాయంత్రం బూట్లు విప్పేవారు. అది ఇంకోసారి చూడలేను రా. దగ్గయితే దగ్గుకుంటాను. నువ్వు మాత్రం నోరెత్తావో నా మీద ఒట్టే."

నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. అయినా ఆ గింజని నానబెట్టుకునే ఉన్నాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. తమ్ముడిగా పుట్టినందుకు నాకు ఇంకెవరూ మిగల్లేదు, నా మీద నేనే కోపం తెచ్చుకున్నాను.

ఇక నగరంలో ఇల్లు. పది అంతస్తుల బిల్డింగులో ఎనిమిదో అంతస్తు చూపించాను. కొండవైపు వాటా ఒకటి, లోపలివైపు వాటా ఒకటి ఖాళీగా ఉన్నాయి. లోపలివైపు వాటాకి లిఫ్టు గొయ్యీ పడగ్గదీ ఒకే గోడ. మోటారు చప్పుడు మంచంలోకి వస్తుందని దాన్ని ఎవరూ తీసుకోవడం లేదు. ఎంతమందికి చూపించానో, అంతమందీ గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. బావ లోపలికెళ్ళి ఆ గోడకి చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇదే" అన్నాడు.

"బావా, అటువైపు దానికి కిటికీలోంచి కొండ..."

"వేరే కంపెనీ లిఫ్టు. కానీ గొంతు బాగుంది" అన్నాడు నన్ను పట్టించుకోకుండా. అక్కతో, "రాత్రిళ్ళు తోడుగా ఉంటుంది, విను" అన్నాడు. నిజంగా దాన్ని ఆయన కానుకగా ఇస్తున్నాననుకున్నాడు. అక్క కూడా చెవి ఆనించి "బాగుందండీ" అంది. నేను వాళ్ళిద్దరికీ దూరంగా వెళ్ళి కుళాయి సరిగ్గా వస్తోందో లేదో చూశాను.

అలా కాపురం పెట్టారు. బావ మళ్ళీ మనిషయ్యాడు. అన్నం తింటూ చెయ్యి ఆపేవాడు. "విన్నావా? మూడో అంతస్తులో ఎవరో తలుపుకి కాలడ్డం పెట్టారు" అనేవాడు. నేనెప్పుడు వెళ్ళినా అక్క మాత్రం ఇంట్లో ఉండేది కాదు. ఎక్కడంటే బట్టలారేయడానికి టెర్రస్ మీదికి వెళ్ళిందనేవాడు. మనుషులిద్దరు. అన్ని బట్టలెక్కడివని నాకు అనుమానం వచ్చింది గానీ, ఒట్టు పెట్టించుకున్నవాణ్ని, అడగలేదు. వీధికి అవతల కొత్త బిల్డింగు లేస్తోంది. దుమ్ముకి కిటికీలన్నీ మూసేసుకున్నారు. బకెట్‌తో దిగొచ్చాక చూస్తే, అక్క మెడ దగ్గర ఎముకలు పైకి తేలి ఉండేవి.

ఒక సాయంత్రం నేనూ బావా టీ తాగుతున్నాం. అక్క మామూలుగానే బట్టల కోసం టెర్రస్ మీద ఉంది. కప్పు పెదాల దగ్గర పెట్టుకున్నవాడల్లా బావ ఆగిపోయాడు.

"ఆగింది" అన్నాడు.

"ఏది?"

"లిఫ్టు. తొమ్మిదికీ పదికీ మధ్య. లోపల మనిషుంది."

సంచి భుజానేసుకుని బయటికి నడిచాడు. నడిచి, మెట్లెక్కాడు. మా బావ, తనంతట తాను, రెండేసి మెట్ల చొప్పున. మెట్లంటే మొహం తిప్పుకునే మనిషి, ఎవరో మధ్యలో చిక్కుకున్నారంటే వాటి వంకే చూడలేదు. నేను వెనకాల రొప్పుతూ వెళ్ళాను. పదో అంతస్తులో లిఫ్టు తలుపు దగ్గర అప్పటికే నలుగురు చేరి తలో సలహా ఇస్తున్నారు. పైన మోటారు గదికి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది. వాచ్‌మన్ వీధి చివర టీకి వెళ్ళాడు. ఎవరో ఫోన్ చేశారు.

బావ పనికి ఒక పద్ధతుంది. ముందు మాట, తర్వాతే స్పానర్. ఇరుక్కున్న మనిషికి తాడు తెగుతుందని భయం ఉండదు, గాలి చాలదేమోనని భయం. అందుకని తలుపు తెరుచుకునేదాకా మాట్లాడిస్తూనే ఉండాలి, మనం మాత్రం మౌనం పాటించకూడదు. కొత్తగా చేరేవాళ్ళకి ఆయన మొట్టమొదట నేర్పేది ఇదే. తలుపు దగ్గరికి మొహం పెట్టి తన పాఠం అందుకున్నాడు.

"లోపలున్నవాళ్ళు కంగారు పడకండి. గాలి బోలెడుంది. కింద కూర్చోండి. నేను లిఫ్టు మెకానిక్‌ని, ఇక్కడే ఉన్నాను."

లోపలి నుంచి ఒక దగ్గు వినిపించింది. ఆ దగ్గు మా ఇద్దరికీ తెలుసు.

బావ రెండు చేతులూ తలుపుకి ఆనించాడు. పేరు పెట్టి పిలవబోయాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం అలవాటైన పాఠమే. "ఎక్కడికి బయల్దేరారమ్మా?"

లోపలి నుంచి అక్క గొంతు, ముక్కలు ముక్కలుగా. "ఇంటికండీ."

"ఎక్కణ్నుంచి వస్తున్నారు?"

"టెర్రస్ మీంచండీ."

"బట్టలారాయా?"

"బట్టల్లేవండీ. బకెట్ ఉత్తినే పట్టుకెళ్తాను. కొండ చూడ్డానికి వెళ్తాను. అక్కడ కాస్త ఊపిరాడుతుంది."

బావ నా వంక చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా గోడ వంక చూశాను.

"కొండ... మీ కిటికీలోంచి కనపడదా అమ్మా?"

"మా కిటికీలోంచి ఎదుటివాళ్ళ బాత్రూములు కనపడతాయండీ."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదుటివాళ్ళు కాదనుకుంటాను.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"మా ఆయన. మంచివారే. లిఫ్టులంటే ప్రాణం."

"మరి ఆయనకి చెప్పచ్చుగా, ఇక్కడ నాకు ఊపిరాడ్డం లేదని."

"చెప్తే వెంటనే పై ఊరికి వెళ్ళిపోదాం అంటారండీ. వెళ్ళాక సంచి పక్కన పెట్టుకుని కూర్చుంటారు. బూట్లేసుకుని మరీ. అది నేను చూడలేను."

బావ తలుపుకి నుదురు ఆనించాడు. మౌనం పాటించకూడదని ఊరందరికీ నేర్పిన మనిషి మౌనంగా నిలబడ్డాడు. నేను మోచేత్తో పొడిచాను. అప్పుడు గొంతు సవరించుకుని అన్నాడు.

"మీ ఆయన ఉత్త చవటలా ఉన్నాడమ్మా."

"అలా అనకండి" అంది అక్క వెంటనే. దగ్గు కూడా అడ్డం రాలేదు. "మా ఆయన్ని నేను తప్ప ఇంకెవరూ అనడానికి వీల్లేదు."

ఇంతలో వాచ్‌మన్ తాళంచెవి తెచ్చాడు. బావ పైన మోటారు గదిలోకెళ్ళి చక్రం చేత్తో తిప్పాడు. లిఫ్టు అంగుళం అంగుళం పైకొచ్చి, తలుపు తెరుచుకుంది. అక్క ఖాళీ బకెట్ పట్టుకుని బయటికొచ్చింది. బావ పరుగెత్తుకొచ్చాడు. అంతమంది ముందు ఆ బకెట్ అందుకున్నాడు. దాన్ని ఎంత బరువుందో అన్నట్టు రెండు చేతులా మోసుకుంటూ ఇంటిదాకా దిగాడు. మెట్ల మీదుగానే.

మర్నాడు నాకు ఫోన్ చేశాడు. "ఆ పై ఊళ్ళో ఇల్లు ఇంకా ఉందా?"

"ఉంది. మెట్లు కూడా అక్కడే ఉన్నాయి" అన్నాను.

"ఉండనీ" అన్నాడు.

కంపెనీ వాళ్ళతో మాట్లాడుకున్నాడు. వారంలో సగం రోజులు బస్సులో కిందికొచ్చి పనిచేసుకుని వెళ్ళడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. మిగతా సగం ఏం చేస్తాడో అని అక్క భయపడింది. ఆసుపత్రి లిఫ్టుంది కదా. ఎవరూ పిలవకుండానే వెళ్ళి దానికి నూనె పెట్టి, తలుపు సరిచేసి, వెళ్ళినప్పుడల్లా ఒకసారి పైకి కిందికి తిరిగొస్తాడు. మూలుగు పోయిందట. ఎవరూ ఎక్కకపోతే దానికి చిన్నతనంగా ఉంటుందని, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళని బతిమాలి ఎక్కిస్తున్నాడు. ఒంట్లో బాగున్నవాళ్ళు కూడా మొహమాటానికి ఆసుపత్రికి పోయి వస్తున్నారు.

మొన్న వాళ్ళని చూడ్డానికి వెళ్ళాను. బావా నేనూ ఒకే బస్సులో ఎక్కాం. దిగాక ఆయన సంచి భుజానేసుకుని మెట్లెక్కడం మొదలెట్టాడు. సగం దారిలో చతికిలబడ్డాడు. మొహం ఎర్రబడింది, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నవ్వుదామనుకున్నాను గానీ నాకూ ఊపిరాడలేదు.

పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. బస్సు చప్పుడు విని అక్క దిగొస్తోంది, బుగ్గలు నిండి, చేతిలో ఏమీ లేకుండా. వచ్చి ఆయన పక్క మెట్టు మీద కూర్చుంది. సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"కంగారు పడకండి. గాలి బోలెడుంది" అంది. "పొద్దున ఏం తిన్నారు?"

"రొట్టె" అన్నాడు బావ, రొప్పుతూ.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"మా ఆవిడ. మంచిదే. కొండంటే ప్రాణం."

"మరి ఇంత కష్టపడి ఎక్కడికి బయల్దేరారండీ?"

బావ పైకి చూశాడు. ఇంకా సగం మెట్లున్నాయి. ఆ పైన వంటింటి కిటికీ తెరిచి ఉంది.

"ఇంటికమ్మా" అన్నాడు.