కార్డు లేని సిమ్ము, కోసిన కాయలు

నేను తొందరపడి సిమ్ము చెరిపేశానని మావారు ఊరంతా చెబుతారు. అబద్ధం. కార్డయితే పాత ఫోన్లోంచి తీశాకే కదా కొత్తదాంట్లో పెడతాం? కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే ఈ-సిమ్మునూ అలాగే ముందు పాతదాంట్లోంచి తీసేశాను. కొత్తదాంట్లోకి రాలేదు!

తోటలో కోసిన మామిడికాయలు గుట్టగా ఉన్నాయి. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చే లారీ డ్రైవరు దారి కోసం ఆ సిమ్ము నంబరుకే ఫోన్ చెయ్యాలి. అతని నంబరు మా దగ్గర లేదు. లారీ తిరిగిపోతే కాయంతా పాడే.

"ఏదీ, ఆ సిమ్ము ఇటివ్వు," అన్నారు మావారు.

"చేతికి దొరికేదైతే ఈపాటికి మీ మొహానే కొట్టేదాన్నండీ!" అన్నాను.

నూజివీడులో ఫోన్ల షాపుకి పరిగెత్తాం. అక్కడి అమ్మాయి ఆధార్ చూసి, కొత్త కోడ్ స్కాన్ చేయించింది. సిగ్నల్ వచ్చిన కాసేపటికే ఫోను మోగింది.

"అమ్మా, తోటకి ఎటు తిరగాలండీ?"

ఆ గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది.

సరే గానీ, "తీసేయమంటారా?" అని అంత మర్యాదగా అడిగిన ఫోను, "ముందు కొత్తదాంట్లో పెట్టుకోండి" అని ఎందుకు చెప్పలేదు?