దీవుల పని

ఆ రోజుల్లో నాకు రెండే బాధలుండేవి. ఎమ్మెస్సీ జువాలజీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న మనిషికి పటమటలో తగిన గౌరవం దక్కకపోవడం ఒకటి, మా నాన్న రెండోది. (మొదటిదానికి కారణం కూడా ఆయనేనని అప్పట్లో నా అభిప్రాయం.) సరిగ్గా అప్పుడే, కొచ్చిలో ఓడెక్కి వెళ్ళాల్సిన దీవుల్లో తూనీగల మీద సర్వే చేసే ప్రాజెక్టుకి అసిస్టెంటుగా రమ్మని నాకు కబురొచ్చింది. ఆ దీవుల చుట్టూ ఉప్పునీళ్ళే. ఏరు లేదు, చెరువు లేదు. తూనీగ పిల్లలు పెరగడానికేమో మంచినీళ్ళు కావాలి. అయినా ఏటా వానలు వెనకబట్టాక గాలివాటున సముద్రం దాటి గుంపులుగా అక్కడికి చేరతాయి. వచ్చి ఏమవుతాయో చూడాలి. అంతకన్నా గొప్ప ఉద్యోగం భూమ్మీద ఇంకోటి ఉందని నేననుకోలేదు.

నాన్న అనుకున్నారు. ఆయనకి ఇబ్రహీంపట్నం థర్మల్లో ఉద్యోగం, మా చర్చిలో సంఘపెద్ద హోదా. "తూనీగలు పట్టడానికి అంత దూరం పోవాలా? మన కాలవగట్టు మీద లేవా?" అన్నారు. "అక్కడివి వేరు నాన్నా" అన్నాను. "ఏం, ఇంగ్లీషు మాట్లాడతయ్యా?" (నిజానికి ఎక్కువభాగం మన కాలవగట్టు మీద తిరిగే జాతే. ఆ ముక్క చెబితే నా కేసు అక్కడికక్కడే కొట్టేస్తారని నోరు మూసుకున్నాను.) గన్నవరం వైపు ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉందనీ, బుద్ధిగా అందులో చేరమనీ తీర్పు చెప్పేశారు. నేను అలిగి అన్నం మానేశాను. టిఫిను సంగతి వేరు, అది నాయనమ్మ గదిలోకే వచ్చేది.

నా అలక చూడలేక నాయనమ్మ ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పే వేళ లేచి నిలబడింది. పళ్ళసెట్టు ఇంట్లో మర్చిపోయి వచ్చింది. పైన ఫ్యాన్ల రొద. "మా మనవరాలు దీవుల పని మీద పోతానంటందండీ అయ్యగారూ. వాళ్ళ నాన్న వద్దంటన్నాడు. కాస్త ప్రార్థన చెయ్యండి" అంది. పాస్టరయ్యగారికి అది "దేవుని పని" అని వినబడింది. ఆయన మైకు దగ్గరికి జరిగి, దేవుని పనికి అడ్డుపడుతున్న ఆ తండ్రి మనసు మెత్తపరచమని గొంతెత్తి ప్రార్థించారు. ఆ తండ్రి అప్పుడు కానుకల సంచి పట్టుకుని ముందు వరసలోనే ఉన్నారు. చర్చంతా ఆయన వైపు చూసింది.

ఆరాధన అయ్యాక నేనే వెళ్ళి, "అయ్యగారూ, దేవుని పని కాదండీ, దీవుల పని. తూనీగలండీ" అని విడమరిచి చెప్పాను. "తూనీగ మాత్రం ఆయన చేసింది కాదా అమ్మా" అని ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి మళ్ళీ ప్రార్థించారు. ఇక నాన్న పరిస్థితి అడక్కండి. అయ్యగారికి తప్ప చర్చిలో అందరికీ అది ఇంకా దేవుని పనే. వాళ్ళకి నిజం చెప్పడానికి పరువు అడ్డం, వద్దనడానికి పెద్దరికం అడ్డం. రైలెక్కించి, "తిరిగొచ్చాక చర్చిలో నిలబెట్టి, దేవుని పని ఎట్టా జరిగిందో సాక్ష్యం చెప్పమంటారు. అప్పుడేం చెప్తావో నీ ఇష్టం" అన్నారు.

అన్నట్టే అయింది. ప్రాజెక్టు గడువు అయిపోయి తిరిగొచ్చిన వెంటనే నన్ను మైకు ముందు నిలబెట్టారు. "అక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉన్నారమ్మా?" అని పాస్టరయ్యగారి భార్య ఆప్యాయంగా అడిగారు. "అందరూ మనవాళ్ళేనండీ, ఇటునుంచి గాలికి వెళ్ళినవాళ్ళే" అనేశాను. అందరూ తెల్లబోయారు. నాన్న తల దించుకున్నారు. అది చూసి ఏడుపొచ్చింది. అబద్ధమాడితే ఆయన పరువు దక్కుతుంది, కానీ అన్ని మొహాల ముందు నా చేత కాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. సముద్రం మీద దిగడానికి చోటు లేకుండా ఎగిరి రావడం, కొబ్బరితోట వెనక వాననీళ్ళ గుంట ఒక్కటే దొరికితే అందులోనే గుడ్లు పెట్టడం, ఆ పిల్లలకి రెక్కలు రాకముందే నీళ్ళు ఇంకిపోతూ ఉండడం.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద నాన్న వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. "ఆ గుంట ఎండేలోపు వాటికి రెక్కలొస్తయ్యా?" అన్నారు. "తెలీదు నాన్నా. నేను ఓడెక్కేనాటికి నీళ్ళు మడమ లోతుకొచ్చాయి." పచ్చ లైటు పడింది. వెనక ఆటోవాళ్ళు హారన్లు కొడుతున్నారు. "మరి చూడకుండా ఎట్టా వచ్చేశావే?" అన్నారాయన, కదలకుండా.

ఆ నెలలోనే నన్ను మళ్ళీ రైలెక్కించింది ఆయనే. నేను వెళ్ళేసరికి గుంట ఎండి నెర్రెలిచ్చింది. రెక్కలొచ్చేటప్పుడు విడిచే పొట్టు కోసమో, చచ్చిన పిల్లల కోసమో ఆకుల మధ్య వెతికాను, ఏమీ దొరకలేదు. చచ్చాయో ఎగిరాయో చెప్పడానికి ఆధారం లేదు. ఉన్నదున్నట్టు ఫోన్లో చెప్పాను. ఆయన "ఊఁ" అని పెట్టేశారు. నేను ఇంటికొచ్చిన ఆదివారం, ఎవరూ పిలవకుండానే నాన్న లేచి మైకు అందుకున్నారు. "మా అమ్మాయి చూసొచ్చిందండీ. అన్నీ ఎగిరిపోయినయ్యంట" అన్నారు.

ఇప్పుడు నేను ఆ గన్నవరం వైపు కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. ఆధారం లేకుండా పిల్లలు ఒక్క వాక్యం రాసినా ఎర్రపెన్నుతో కొట్టేస్తాను. ఆ ఆదివారం మాత్రం చర్చిలో లేచి, "అది తెలీదండీ" అనాల్సిన ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు అమ్మాయి నోరు మెదపలేదు. ఇన్నేళ్ళలో ఆమె చేసిన తెలివైన పని అదొక్కటేనేమో అనిపిస్తుంది.