షూటింగ్ తల్లుల క్రెష్‌కి గ్రాంట్ తెచ్చిన మూర్తి గారు

మూర్తి గారు పోయారు.

నిన్న పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి ఈ మాట చెబితే "ఏ మూర్తి గారు?" అని అడిగాను. నాకు తెలిసిన మూర్తి గారు ఒక్కరే. మొన్న సాయంత్రం కూడా గ్రాంట్ రిపోర్ట్ ఇంకా పంపలేదని ఫోన్‌లో నన్ను కేకలేశారు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

తెలియని వాళ్ళకి చెబుతున్నాను. ఆయన సినిమా రైటర్. ఫిల్మ్ నగర్‌లో చాలా ఏళ్ళు డైలాగులు రాశారు. తెర మీద పేరు పడ్డవి తక్కువ, పడనివి ఎక్కువ. నేను బోరబండలో చిన్న క్రెష్ నడుపుతాను. జూనియర్ ఆర్టిస్టులుగా షూటింగులకి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్నే పిల్లల్ని మా దగ్గర వదిలి వెళతారు.

కొన్నేళ్ళ కిందట, మాకు సాయం చేస్తున్న పెద్దాయన వ్యాపారం దెబ్బతిని చేతులెత్తేశారు. ఇంకెక్కడి నుంచైనా గ్రాంట్ రాకపోతే క్రెష్ మూతే. ఆ తల్లులు పని మానుకోవాల్సిందే. ఒక ఫౌండేషన్ వాళ్ళు గ్రాంట్ ఇవ్వడానికి ప్రపోజల్స్ అడుగుతున్నారని తెలిసింది. నాకు రాయడం రాదు. రైటర్ కదా అని శ్రీనగర్ కాలనీలో మూర్తి గారింటికి వెళ్ళాను.

"ఎంతమంది నిర్మాతల్ని ఒప్పించలేదమ్మా, ఇదో లెక్కా!" అన్నారు.

అక్కడే దెబ్బ తిన్నాం.

ఆయన దాన్ని అచ్చం సినిమా కథలా రాశారు. జోరు వాన. చంకలో బిడ్డతో తల్లి. షూటింగ్ వ్యాన్ కదిలిపోతోంది. ఇంటర్వెల్‌కి బిడ్డకి జ్వరం. మాకు కావలసింది ఏమిటో మాత్రం, సస్పెన్స్ పోతుందని చివరి పేజీ దాకా దాచారు.

చదివి నేను ఏడ్చాను. పంపేశాం.

ఫౌండేషన్ నుంచి ఒక మేడమ్ ఆయనకి ఫోన్ చేశారు. "కథ చాలా బాగుంది సార్. కానీ మీరు ఏం చేస్తారు, ఎంతమందికి, ఎన్నాళ్ళు చేస్తారండీ? మా కమిటీ మొదటి పేజీలో చూసేది అదే. గడువు ఇంకా ఉంది, మార్చి పంపండి."

ఆయనకి ఒళ్ళు మండింది. "పెద్ద పెద్ద హీరోలే నా నెరేషన్ మధ్యలో ఆపలేదు!" అని ఆ రోజంతా ముఖం మాడ్చుకున్నారు.

మర్నాడు ఆటో ఎక్కి ఆయనే బోరబండ వచ్చారు.

"తప్పు మనదేనమ్మా. నిర్మాత ఎలాంటి సినిమాలు తీస్తాడో కనుక్కోకుండా కథ చెప్పడానికి వెళ్ళం కదా. వీళ్ళు ఇదివరకు ఎవరికి, దేనికి ఇచ్చారో చూశావా?"

చూడలేదు. ఇద్దరం కూర్చుని చూశాం. వాళ్ళు కట్టడాలకి ఇవ్వరు. పిల్లల తిండికి, ఆయాల జీతాలకి ఇస్తారు. నేను అడిగిన కొత్త గది ఎగిరిపోయింది.

తర్వాత పిల్లల సంఖ్య. ఎక్కువమందిని చూపిస్తే ఎక్కువ ఇస్తారని పెంచి రాశాను. ఆయన లేచి, పంచె ఎగ్గట్టి, మధ్యాహ్నం పిల్లలు పడుకునేటట్టే గదంతా చాపలు పరిచారు. రాసినవాళ్ళలో సగం మందికే చోటు సరిపోయింది.

"గింత తక్కువ రాస్తే ఇస్తరా సార్?" అన్నాను.

"రేపు వాళ్ళొచ్చి చూస్తామంటే మిగతా పిల్లల్ని ఎక్కణ్ణించి తెస్తావు? ఆ పిల్లల వేషానికి కూడా జూనియర్ ఆర్టిస్టుల్ని పెడతావా?"

"పిల్లల భవిష్యత్తు మారుస్తాం" అన్న నా వాక్యం కొట్టేశారు. ఏడాది చివర వచ్చి చూస్తే కంటికి కనబడేదే రాయాలన్నారు. రోజూ వేడి అన్నం, టీకాలు, నెలనెలా బరువు చూడటం, తల్లులు పనికి వెళ్ళగలగడం.

బడ్జెట్‌లో "ఇతర ఖర్చులు" అని పెడితే ఒప్పుకోలేదు. "సినిమాల్లో డబ్బంతా మాయమయ్యేది ఆ లైన్లోనేనమ్మా" అని నవ్వారు.

గ్రాంట్ అయిపోయాక ఎలా నడుపుతారు అన్న ప్రశ్న దగ్గర మాత్రం కలం పక్కన పెట్టారు. దేవుడే చూసుకుంటాడని రాయలేం కదా. తల్లులందరితో మాట్లాడి, షూటింగ్ దొరికిన రోజు తలా కొంచెం ఇచ్చేలా ఒప్పించి, అప్పుడు రాశారు.

మొత్తం రెండు పేజీలు. ఒక్క వాన చుక్క లేదు.

గ్రాంట్ వచ్చింది.

ఆ తర్వాత మాలాంటి చిన్న ట్రస్టుల వాళ్ళు ఎవరొచ్చినా కూర్చోబెట్టి నేర్పారు. ఊరికే నేర్పలేదు, కసురుకుంటూ నేర్పారు. ఆ కసుర్లు ఇక వినబడవంటే నాకు చాలా బాధగా ఉంది.

నిన్న ఆయన్ని చూసి వచ్చాక, ఒక్క రోజు క్రెష్‌కి సెలవిద్దామని తల్లుల గ్రూపులో మెసేజ్ పెట్టబోయాను. ఇంతలో ఒక పాప తల్లి, సుజాత ఫోన్ చేసింది.

"అక్కా, సార్ పోయిండంట గద. మాతోని మంచిగుంటుండె. రేపు నాకు షూటింగ్ ఉంది... పాపను తేవాల్నా, వద్దా?"



"తీస్కరా" అన్నాను.

ఈ పొద్దున మామూలుగానే తలుపులు తీశాం. పిల్లలందరూ వచ్చారు. తల్లులందరూ పనికి వెళ్ళారు.

మీరు పోయినా సెలవివ్వలేదు సార్. ఇక మీరు తీరిగ్గా వెళ్ళండి. ఎక్కడున్నా మీ మనసు చల్లగా ఉండాలి.